ముందు ఒక ఈ, నడుమ ఒక యూ

గోదావరి పెరిగే రోజుల్లో భద్రాచలంలో ఎవరూ ఎవరినీ బాగున్నారా అని అడగరు. "ఎన్ని అడుగులొచ్చింది?" అని అడుగుతారు. పాలు పోసే ఆయన అదే అడుగుతాడు, కిరాణా కొట్టు ఆయన అదే అడుగుతాడు, ఖమ్మం నుంచి ఫోన్ చేసిన మా అక్క కూడా అదే అడుగుతుంది. ఆ ఏడు జూలైలో వాన పట్టుకొని వదలకపోయేసరికి, జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఫోన్ బోర్లా పెట్టేశాను. పెట్టానన్న మాటే గానీ, ఓపలేక మళ్లీ తిప్పి చూసుకున్నాను. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. బడికి సెలవులిచ్చారు. దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ముందేసుకుంటే ఒకే జవాబు మీద కళ్లు ఆగిపోయేవి.

నేనొక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. మా ఆయన సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. మా ఇంటికీ ఆయన పనికీ నడుమ గోదావరి, దాని మీద వంతెన. మామూలు రోజుల్లో అది మాకు దూరంలా అనిపించేదే కాదు. ఆ రోజు పొద్దున ఆయన షిఫ్టుకి వెళ్లాక పోలీసులు వంతెన మూసేశారు. ఆయన అటు, నేను ఇటు.

మాది కరకట్టకి ఇవతల పల్లంలో ఉన్న కాలనీ. నది కరకట్ట దాటి రాదు. మురుగుకాల్వల్లోంచి వెనక్కి తన్నుకొస్తుంది. అందుకే ఆకాశం కన్నా ఎక్కువగా కాల్వని చూస్తుంటాం. మేముండేది ఒకే కప్పు కింద రెండు వాటాల రేకుల ఇల్లు. ఒక వాటాలో మేము. రెండో వాటాలో ఒక ముసలి టైలరు, ఆయన భార్య. మేం వాళ్లని చాచా, చాచీ అని పిలిచేవాళ్లం. ముందు వరండాలో ఆయన కుట్టుమిషను, దాని పక్కన చాపమీద కాజాలు కుడుతూ చాచీ. మా ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మిషను చప్పుడుకి నిద్రపట్టదనేవారు. నాకు మాత్రం అది ఆగితేనే తెలిసేది.

ఆ మధ్యాహ్నం అది ఆగింది.

కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఒకటే వాక్యం. కాలనీవాసులందరూ సాయంత్రంలోగా ఇళ్లు వెకేట్ చేయాలి. పెట్టింది మా వార్డులో సహాయం పనులు చూస్తున్న ఒక కుర్రాడు. నేను చదివి వెంటనే లేచి బట్టలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాను. సర్టిఫికెట్లు, మందులు, చార్జరు. పెట్టినవే తీసి మళ్లీ పెడుతున్నాను. అంతలో చాచీ తలుపు దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా, జర ఇటు రా బిడ్డా. ముసలాయన మాట ఇంటలేడు."

వెళ్లి చూస్తే చాచా మిషను మీద మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకొని కూర్చున్నాడు. సగం కుట్టిన రవిక ఒకటి సూది కిందే ఉండిపోయి, దాని అంచు మూత బయటికి వేలాడుతోంది. ఫోన్ నా వైపు తిప్పి చూపించాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. కొలతలు రాసుకునే అక్షరాలు, అంకెలు మాత్రం తెలుసు. ఆ వాక్యంలో ఒక్క మాట మీద వేలు పెట్టాడు.

"ఇది వెకేటే గద?"

"అవ్ చాచా."

"ఈ మాట నాకెరికే. నేను రాను. మీరు పోండ్రి."

ఆయన మాట విసురుగా లేదు. నీళ్లు తాగనన్నట్టుగా అన్నాడు. కాల్వలో నీళ్లు మా గేటు దగ్గరికి వచ్చి, వెనక్కి పోయి, మళ్లీ వస్తున్నాయి.

చాచాది గోదావరి దిగువన ఒక ఊరు. బూర్గంపాడు దాటి, అడవి అంచు పట్టుకొని పోతే వచ్చే ఊరు. ఆనకట్ట కడుతుంటే ముంపులోకి పోయింది. ఆ సంగతి నాకు తెలుసు గానీ, ఎట్లా పోయిందో ఆయన అప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు మిషను మీంచి చేతులు తీయకుండానే చెప్పాడు.

"మా ఊర్లె ఇంగ్లీషు రానోళ్లకు గూడ గా ఒక్క మాట వచ్చేది బిడ్డా. ఆఫీసర్లు వచ్చి, ఇల్లు కొలిచి, గోడ మీద నంబరేసి, మీరు వెకేట్ చేయాలె, మీరు వెకేట్ చేయాలె అనుకుంట పోయిండ్రు. సంతల అదే మాట, మసీదుకాడ అదే మాట. ముసలమ్మలు గూడ 'మీరెప్పుడు వెకేటు' అని ఒకరినొకరు అడిగేటోళ్లు, పెండ్లి ముహూర్తం అడిగినట్టు. చేసినం. కొత్త కాలనీల ఇల్లిచ్చిండ్రు, ఇయ్యలేదని నేననను. ఆడ నాతోని గుడ్డ కుట్టిచ్చుకునేటోడు ఎవడున్నడు? కోయోళ్లంత ఒక దిక్కు పాయె, మేమొక దిక్కు పాయె. ఎండకాలం ఒకపాలి పోయి చూసొచ్చిన. గోడలు లేవు. నా దుకాణమేదో నాకే తెలవలే."

చాచీ ఆయన మాట మధ్యలోనే గిన్నెలు మూటకడుతోంది. ఈ కథ ఆమెకి కొత్త కాదు.

"ఇగ నాకు గా మాట చెప్పొద్దు," అన్నాడు చాచా. "ఒకపాలి చేసిన. సాలు."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమైందో! చెవులు గేటు దగ్గరే ఉన్నాయి.

"చాచా, రాసినాయన తప్పు రాసిండు. అది వెకేట్ కాదు. ఇవాక్యుయేట్ అని రాయాలె."

"గదేంది?"

"రెండూ చూడనీకి ఒక్క తీరుగనే ఉంటయి. రెండోదానికి ముందు ఒక ఈ, నడుమ ఒక యూ ఎక్కువుంటయి, అంతే. వెకేట్ అంటే జాగ విడిచిపెట్టుడు. ఇగ దాంతోని మనకు సంబంధం లేదని పోవుడు. ఇవాక్యుయేట్ అంటే ఆపదున్నన్ని దినాలు మనుషులను పక్కకు తీసుడు. ఆపద పోయినంక మళ్ల ఎవరింటికి వాళ్లొస్తరు."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "మరి తెలుగుల ఏమంటరు వీటిని?"

"ఖాళీ చేసుడు."

"ఏదాన్ని?"

"రెండిటినీ."

"రెండిటినీ ఖాళీ చేసుడే అంటరు. మరి ఇగ తేడా ఏడున్నది బిడ్డా?"

ఇలాంటి జంట మాటలు ఏటా తరగతిలో బోర్డు మీద రాసి చెబుతాను. తప్పు రాస్తే పిల్లలకి అర మార్కు పోతుంది. అక్కడ దానికి అంతకుమించి నష్టం లేదు. ఇక్కడ ఒక ముసలాయన ఒక మాటకి భయపడి నీళ్లలో కూర్చుంటానంటున్నాడు. ఫోన్ తీసి గ్రూపులో పెట్టాను, ఆ మాట తప్పు, దిద్దండి, జనం భయపడుతున్నారు అని. కుర్రాడు వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టాడు. దాని కింద, "రెండూ ఒకటే గద మేడం" అని రాశాడు. కింద ఇంకొకరు నవ్వు బొమ్మ పెట్టారు. ఆ తర్వాత ఎవరో గోదావరి ఫోటో పెట్టారు. నా మాట పైకి పోయి కనపడకుండా పోయింది.

"మీ సదువులు తర్వాత సదువుకోండ్రి," అంది చాచీ మూట ముడేస్తూ. "నీళ్లు గడపకాడికొచ్చినయ్."

నిజంగానే వచ్చాయి. నల్లగా, చిన్న చిన్న పుల్లలూ చెప్పులూ తేలుతూ మెట్టు మీదికి ఎక్కుతున్నాయి. అప్పుడు ఎందుకు తోచిందో తెలీదు గానీ అడిగాను.

"మీ ఊర్లె ఇల్లు విడిచేటప్పుడు ఏమేం తెచ్చుకున్నరు చాచా?"

"అన్నీ తెచ్చినం. రేకులు, దూలాలు, కిటికీలు. దర్వాజ గూడ పీకి ట్రాక్టర్ల ఏసినం. మిషన్లొచ్చి కూలగొడ్తయంటే ఎట్ల ఇడిచిపెడ్తం?"

"మరి ఇయ్యాల దర్వాజ పీకుతున్నమా?"

ఆయన తలుపు వైపు చూశాడు. "లే."

"తాళమేసి చెవి జేబుల పెట్టుకొని పోతున్నం. గదే తేడా చాచా. దర్వాజ పీక్కొని పోతే వెకేట్. తాళమేసుకొని పోతే ఇవాక్యుయేట్."

నీళ్లు గడప దాటేదాకా చాచా తలుపు వైపే చూశాడు. అప్పుడు లేచి, స్క్రూలు విప్పి, మిషను తలకాయని ఊడదీసి దుప్పట్లో చుట్టాడు. కింది స్టాండుని ఇద్దరం కలిసి మంచం మీదికి ఎక్కించాం. సూది కింద మిగిలిన రవికని మడిచి అంగీ లోపల పెట్టుకున్నాడు. బయటికొచ్చి తాళం వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు.

నేనైతే చెప్పేశాను గానీ, చెబుతున్నంతసేపూ లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. ఆ తలుపూ మాది కాదు, తాళం వేసిన ఇల్లూ మాది కాదు. రెండు వాటాలూ అద్దెవే, ఖమ్మంలో ఇనుప సామాను వ్యాపారం చేసుకునే ఇంటాయనవి. ఆ ఆలోచనని అప్పటికి తోసేసి ట్రాక్టరు ఎక్కాను.

మమ్మల్ని గట్టు మీదున్న ఒక కాలేజీలో ఉంచారు. బెంచీలు గోడకి చేర్చి, కుటుంబానికి ఇంత అని చాపలు పరుచుకున్నాం. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు ఇచ్చారు. తిండికి లోటు లేదు. ఏమీ చేయడానికి లేకపోవడమే భరించలేనిది. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. నాలాగే నడిచేవాళ్లు ఎదురయ్యేవారు. ఒకరినొకరు "ఎన్ని అడుగులు?" అనుకొని దాటిపోయేవాళ్లం.

మా ఆయన సారపాకలో తోటి కార్మికుడి గదిలో ఉన్నాడు. వంతెన దాకా వచ్చి, అవతలి చివర నిలబడి ఫోన్ చేసేవాడు.

"నువ్వేడున్నవ్?" అనేదాన్ని.

"వంతెన కాడ. పోలీసోళ్లు తరుముతున్నరు. నువ్వు తిన్నవా?"

"తిన్న. నీకు కనిపిస్తున్నదా, మన దిక్కు?"

"నీళ్లే కనిపిస్తున్నయి. ఇటు గూడ అవే, అటు గూడ అవే."

ఆ మాటల్లో దాచిపెట్టిన భయం ఒకటి ఉండేది. నేను దాన్ని కదిలించేదాన్ని కాదు. ఆయనా కదిలించేవాడు కాదు. ఫోన్ పెట్టేసి మళ్లీ వరండాలోకి పోయేదాన్ని.

చాచా అందరికన్నా ఎక్కువ తిరిగేవాడు. కాలేజీ గేటు దాటి, మా కాలనీ రోడ్డు నీళ్లలో మునిగే చోటు దాకా పోయి చూసొచ్చేవాడు. ఆయన చూసేది నీళ్లని అనుకున్నాను మొదట్లో. కాదు. తిరిగొచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగేవాడు: "ఆడ జేసీబీ ఏమన్న కనవడ్డదా?"

ఒక పొద్దున, వాన కాస్త తెరిపిచ్చిన వేళ, టీ పోస్తున్న ఆమె మాటల్లో మాటగా అంది. "మీ కాలనీ దిక్కు జేసీబీ పోయిందంట."

చాచా చేతిలో గ్లాసు కింద పెట్టలేదు, వదిలేశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు వైపు పోయాడు. చాచీ నా వైపు చూసింది. నేను పరుగెత్తాను. ఆ వయసు మనిషి అంత వేగంగా నడుస్తాడని నేననుకోలేదు. రోడ్డు దిగిపోయే చోట ఆయన ఆగకుండా నీళ్లలోకి దిగిపోయాడు. మోకాళ్లు, తొడలు, నడుము. నేను వెనక నుంచి అంగీ పట్టుకున్నాను. చిరిగే చప్పుడైంది గానీ వదల్లేదు.

"చాచా! ఆగు! ఇల్లు కూలగొట్టనీకి రాలే అది!"

"ఇడువు బిడ్డా! ఇడువు!"

ఎదురుగా, కొంచెం దూరంలో, పచ్చటి జేసీబీ నిజంగానే ఉంది. దాని పార పైకి లేచి దిగుతోంది. ఒక్క క్షణం నేను కూడా అదే అనుకున్నాను. రోడ్డు పక్క కట్టని తవ్వి నీళ్లకి దారి చేస్తోందని ఆ తర్వాత తెలిసింది. పక్కనే ట్రాక్టరు మీద నిలబడి పని చూస్తున్న మనిషి మమ్మల్ని చూసి కేకలు వేస్తూ వచ్చాడు. గ్రూపులో మెసేజ్ పెట్టిన కుర్రాడే. ఇద్దరినీ ట్రాక్టరు మీదికి లాగాడు.

చాచా తడిసిన అంగీ పిండుకున్నాడు.

"నాకు తెలుసు బిడ్డా," అన్నాడు నాతో, సిగ్గుపడుతున్నట్టు. "ఇల్లు పడగొట్టనీకి రాలేదని నాకు తెలుసు. కాళ్లు ఆగలే."

దారిలో నేను ఆ కుర్రాడికి సంగతంతా చెప్పాను. చాచా ఊరి సంగతి, గోడ మీద నంబర్లు, ఆ మాట. వింటూ అతను తల గోక్కున్నాడు.

"పైనుంచి ఇంగ్లీషుల పెట్టమన్నరు మేడం. నాకు గదే మాట వచ్చింది. ఇల్లు కిరాయికి తీసుకున్న కాగితాల మీద ఉంటది గద, గక్కడ చూసిందే." కాసేపటికి చాచా వైపు తిరిగి, "తాతా, మీ ఇల్లేడికి పోదు. నేనే రోజు చూసొచ్చి చెప్తా," అన్నాడు.

చెప్పాడు కూడా. అంతే కాదు, ఆ సాయంత్రం కాలేజీ మైకులో తెలుగులో చెప్పాడు. నీళ్లు తగ్గంగనే ఎవరిండ్లకు వాళ్లు పోతరు, మీ ఇండ్లు ఎవరూ ముట్టుకోరు, తాళాలు తాళాల లెక్కనే ఉంటయి అని. వరండాలో నడుస్తున్నవాళ్లు కొందరు ఆగి విన్నారు. ఒక ముసలమ్మ "గీ ముక్క ముందే చెప్పొచ్చు గద," అని గొణిగింది. చాచా ఒక్కడికే ఆ భయం ఉందనుకున్నాను అప్పటిదాకా.

గోదావరి తగ్గడం కూడా పెరగడంలాగే మమ్మల్ని సతాయించింది. కొంచెం దిగి ఆగేది, మళ్లీ కొంచెం పెరిగేది. నీళ్లు మొదటి హెచ్చరిక మట్టం కిందికి దిగాక కాలేజీవాళ్లు వచ్చారు. తరగతులు మొదలుపెట్టాలి, గదులు వెకేట్ చేయండి అని. చాచా మూట కడుతూ నా వైపు చూశాడు.

"ఇప్పుడు ఏ మాట బిడ్డా?"

"ఇప్పుడు వెకేటే చాచా."

"సరిగ్గనే అన్నరా?"

"సరిగ్గనే అన్నరు."

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వగా నేను చూడలేదు. చాచీ కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

ఇంటికి పోతే బురద. కిటికీ దాకా గోడల మీద గీత గీసినట్టు మరక. మంచం మీద పెట్టిన మిషను స్టాండు మంచంతో సహా బోర్లాపడి ఉంది. మా వాటాలో పరుపు నీళ్లు తాగి గేదెలా పడుంది. వంతెన తెరిచిన రోజే మా ఆయన వచ్చాడు. చీపురు పట్టుకొని నా పక్కన నిలబడ్డాడు గానీ ఇద్దరం ముందు ఏం చేయాలో తోచక కాసేపు ఊరికే నవ్వుకున్నాం. తర్వాత నేను ఏడ్చాను. ఆయన పరుపు ఈడ్చుకుపోయాడు.

చాచా వాటాలో వెనక గోడ ఒక మూల జారింది. పడలేదు, జారింది. ఆయన దాన్ని తట్టి చూశాడు. మిషను తలకాయని ఎండలో పెట్టి, నూనె పోసి, స్టాండుకి బిగించి తొక్కి చూశాడు. తిరిగింది. ఆ మధ్యాహ్నం సగం కుట్టిన రవిక పూర్తిచేశాడు. దాని సొంతదారు అడవి వైపు ఊరి నుంచి వచ్చి తీసుకెళ్లింది. ఆమె వరదని గురించి అడిగింది, ఆయన కోయ భాషలో ఏదో చెప్పాడు, ఆమె నవ్వింది. నేను బకెట్ పట్టుకొని చూస్తూ నిలబడ్డాను. ఇక అంతా మామూలైపోతుందనుకున్నాను.

ఇంటాయన ఖమ్మం నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. లోపలికి రాకముందే చెప్పులు విప్పాడు, బురదలోనే. గోడలు చూశాడు, కప్పు చూశాడు, నేల మీద కాలితో కొట్టి చూశాడు.

"మేడం, ఏమనుకోకండి. ఇది ఇట్ల ఉంచితే వచ్చే ఏడు మీ మీదనే పడ్తది. పడగొట్టి, మట్టి పోసి, ఎత్తు లేపి కట్టిద్దమనుకుంటున్న. మీరు, ఆ టైలరాయన వెకేట్ చేయాలె. తొందరేం లేదు, వేరే ఇల్లు దొరికినంకనే."

ఆ మాట వినగానే నేను చాచా వైపు తిరిగాను. పక్కనే ఉన్నాడు, విన్నాడు. నేను ఇంటాయనతో ఏదో అనబోయాను, ఇంకో ఏడాది ఉండనివ్వమనో, ఒక వాటాయినా ముందు కట్టమనో. తాళం గురించి నేను ముసలాయనకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చాచా చేయి ఎత్తి నన్ను ఆపాడు.

"సరే సేఠ్," అన్నాడు ఇంటాయనతో. "పోతం."

ఇంటాయన వెళ్లాక నేను ఊరుకోలేకపోయాను. "చాచా, కోపం రాలేదా నీకు? మళ్ల వస్తమని చెప్పి తోల్కపోయిన. ఇప్పుడు చూడు."

"ఎందుకు కోపం?" అన్నాడు. "వచ్చినం గద. వచ్చి, నా చేతులతోని తాళం తీసిన. ఈ ఇల్లు ఆయనది, ఆయన పొమ్మంటడు, పోతం. గండ్ల తప్పేమున్నది?" చేతిలో గుడ్డ మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "గా ఊరు నాది బిడ్డా. గది నాది. గందుకే గా మాట అక్కడ గుచ్చింది. ఇక్కడ గుచ్చదు."

రెండు మాటల తేడా నేను చెప్పాననుకున్నాను గానీ, ఒకే మాట ఇద్దరు మనుషుల నోట రెండు రకాలుగా ఉంటుందని నాకు తోచలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మిషను చప్పుడు అవతలి గోడ వెనక చాలాసేపు వినపడింది. ఆ చప్పుడు విన్నా మనసు తేలికపడలేదు.

మేం సారపాకకి మారాం. ఇప్పుడు వంతెన దాటాల్సింది నేను. వాన పడితే మా ఆయన "ఇయ్యాల బడికి పోకు" అంటాడు, నేను వినను. చాచా, చాచీ పాల్వంచలో చాచీ చెల్లెలి ఇంటి దగ్గర ఒక గది తీసుకున్నారు. అక్కడ కంపెనీ కాలనీల్లో షిఫ్టుకి పోయేవాళ్ల యూనిఫారాలు కుడుతున్నాడు. పని బాగానే ఉంది. కానీ ఫోన్ చేసినప్పుడల్లా గది గురించి చెప్పడు, అక్కడి వాన గురించి, ఇక్కడి నది గురించే అడుగుతాడు.

మొన్న ఎండాకాలం ఆయనే అడిగాడు, ఒకసారి ఊరు చూసొద్దాం రమ్మని. బడి సెలవులు. మా ఆయనకి డ్యూటీ. నేనూ, చాచా, చాచీ సారపాకలో ఆటో మాట్లాడుకొని బూర్గంపాడు మీదుగా పోయాం. తారు రోడ్డు పోయి మట్టి రోడ్డు, మట్టి రోడ్డు పోయి బండి జాడ. ఆటోవాలా ఇక పోదన్నాడు. దిగి నడిచాం. ఎండకి కళ్లు మండుతున్నాయి. చాచా ముందు ముందు పోతున్నాడు, ఏదో బస్సు తప్పిపోతుందన్నట్టు.

ఊరు లేదు. చింతచెట్లు కొన్ని, మధ్యలో ఇటుకముక్కల కుప్పలు, వాటి మీద పిచ్చితుమ్మ. చాచా ఒక చోట ఆగి, కాలితో మట్టి జరిపి, ఇంకో చోటికి పోయి అక్కడా జరిపి చూశాడు. చివరికి ఒక సిమెంటు గచ్చు ముక్క బయటపడింది.

"ఇదే," అన్నాడు. చాచీ తల అడ్డంగా ఊపింది. "కాదు. మనది ఎర్ర గచ్చు." ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఏదీ తేలలేదు. చాచా ఆ గచ్చు మీదే కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్లీ లేచాడు.

ఆవులు మేపుకుంటూ ఒక కోయ మనిషి వచ్చాడు. దూరం నుంచే చాచాని చూసి ఆగాడు. దగ్గరికొచ్చి మొహంలోకి చూసి పెద్దగా నవ్వి, ఏదో అన్నాడు. చాచా కూడా కోయలోనే జవాబు చెప్పాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. ఆ మనిషి తన అంగీ కాలరు పైకెత్తి చూపించాడు, పాతది, వెలిసిపోయింది. చాచా వేళ్లతో కుట్టు తడిమి చూశాడు. కాసేపు మాట్లాడుకున్నారు. ఆ మనిషి చివరగా ఏదో అడిగాడు. చాచా జవాబు చెప్పాడు. ఆవులు పక్కకి పోతుంటే అతను వాటి వెంట పోయాడు, వెనక్కి తిరిగి చేయి ఊపుతూ.

"ఏమడిగిండు చాచా?"

"మళ్ల ఎప్పుడొస్తవని అడిగిండు. రెండంగీలు కుట్టిచ్చుకోవాల్నంట."

"ఏం చెప్పినవ్?"

"వచ్చే సంతకు అని చెప్పిన."

"ఇప్పుడు సంత ఏడున్నది?"

"లేదు," అన్నాడు. "ఆయనకు గూడ తెలుసు."

చాచీ కొంగుతో మొహం తుడుచుకొని "ఎండ ముదురుతున్నది, జల్దీ పదండ్రి," అంది. ఆటో దాకా చాచా మళ్లీ ముందు ముందే నడిచాడు. ఎక్కాక ముందుకి వంగి ఆటోవాలాని రెండుసార్లు అడిగాడు, పాల్వంచకి చివరి బస్సు ఎన్నింటికని, అందుతుందా అని. అందుతుందని అతను చెప్పినా చాచాకి నమ్మకం కలగలేదు. దారి పొడుగునా పక్కకి వంగి ముందు రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు.